రెండు సీసాలు, పది రోజులు

నా తోడికోడలి మీద నాకున్న అసూయ వల్ల నా జబ్బు పది రోజులు ఆలస్యంగా బయటపడింది. ఆ పది రోజుల్లో ప్రాణం పోలేదు కాబట్టి ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. ఆ ఆలస్యం వల్ల పెద్దగా మారిందేమీ లేదని డాక్టరమ్మ అంటుంది. ఆ పది రోజులూ నా మనసులో ఏముందో ఆమెకేం తెలుసు?

నాకు వచ్చినటువంటి గర్భం వచ్చినవాళ్లు ఆసుపత్రి బెంచీల మీద చాలామందే కనిపించారు. వాళ్లలో ఒక్కరికి కూడా దాని పేరు ముందు తెలియదు. నాకూ తెలియదు. నేను చేసే ఉద్యోగమేమో గర్భం ఉందో లేదో చెప్పే స్ట్రిప్పులు తయారుచేయడం! అందుకే సిగ్గు పక్కన పెట్టి రాస్తున్నాను. ఎవరికైనా పనికొస్తే మంచిదే. లేకపోతే నా మనసులో బరువైనా దిగుతుంది.

జూన్

మాది రుద్రారం. పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న యూనిట్‌లో ఆరేళ్లుగా చేస్తున్నాను. నా చోటు చివర్లో, పరీక్ష బల్ల దగ్గర. కొత్త లాట్ తయారవగానే కొన్ని స్ట్రిప్పులు తీసి, అవి సరిగ్గా పని చేస్తున్నాయో లేదో చూడాలి. మూత్రంలో ముంచితే పైన ఒక గీత ఎలాగూ వస్తుంది, స్ట్రిప్పు బాగుందని చెప్పడానికి. గర్భం ఉంటే దాని కింద రెండో గీత వస్తుంది. ఆ రెండో గీత కోసమే జనం మా సరుకు కొంటారు.

కంపెనీ ఇచ్చే ద్రావణంతో పరీక్ష చేస్తాం. అది కాక మా ఇన్‌చార్జి విజయ మేడంకి ఒక పట్టింపు ఉంది. వాళ్ల నాన్న ఎప్పుడో గుంటూరు నుంచి ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి బీరంగూడలో స్థిరపడ్డాడు. ఏ పనైనా రెండుసార్లు చూస్తే గాని ఆమెకు తృప్తి ఉండదు. అసలు మనిషి మూత్రంలో కూడా ముంచి చూడాలంటుంది. అందుకని మాలో ఎవరికి నెల తప్పినా, మా ఇళ్లలో ఎవరికి తప్పినా, పొద్దున్నే చిన్న సీసాలో పట్టి తేవడం మా యూనిట్‌లో ఆనవాయితీ అయింది. మూడు నెలలు నిండేదాకా సీసా మీద పేరు రాయం. దిష్టి తగులుతుందని కొందరి భయం, నలుగురికీ తెలుస్తుందని కొందరి సిగ్గు. మూత రంగే గుర్తు.

నాకు పెళ్లయి నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లూ ఆ బల్ల మీద అందరి సీసాలూ చూశాను, నాది తప్ప.

మౌనిక మా మరిది నర్సింలు భార్య. మా దిక్కు యారాలు అంటాం. పెళ్లయి ఏడాది తిరిగిందో లేదో, ఒక పొద్దున వంటింట్లో నా కొంగు పట్టుకుంది.

“అక్కా, నీ బ్యాగుల స్ట్రిప్పు గిట్ల ఉంటే ఒకటియ్యవా? నెల మీద పది రోజులైంది.”

ఇచ్చాను. ఫలితం కోసం ఐదు నిమిషాలు ఆగాలని డబ్బా మీద మేమే అచ్చు వేయిస్తాం. ఆమె గీతకు అర నిమిషం కూడా పట్టలేదు. నేను చేసిన స్ట్రిప్పు, నా చేతి మీదుగా పోయిన స్ట్రిప్పు, నా కళ్ల ముందే ఆమెకు పలికింది. “మంచిగొచ్చింది చెల్లె” అని నవ్వి, బాత్రూంలోకి పోయి నల్లా తిప్పి ఏడ్చాను. బయట మా అత్తమ్మ వీధి వీధంతా వినబడేలా సంతోషపడుతోంది.

వారం తర్వాత మేడం కొత్త లాట్‌కు సీసా కావాలంది. మౌనిక సీసానే తీసుకెళ్లాను. షేర్ ఆటోలో టిఫిన్ సంచిని రెండు కాళ్ల మధ్య నిలబెట్టుకుని, అది ఒరగకుండా ఇస్నాపూర్ దాటేదాకా పట్టుకున్నాను. ఇంకొకరి అదృష్టాన్ని ఒలికిపోకుండా మోస్తున్నానని నా మీద నాకే ఒళ్లు మండింది.

జూలై

నెల తిరిగేసరికి నాకు కూడా తప్పింది. అబద్ధమెందుకు? గర్భం వచ్చిందన్న సంతోషం కంటే, మౌనిక ఒక్కదానికే కాదు కదా అన్న సంతోషం ముందొచ్చింది. మా ఆయన శ్రీశైలం ఒక గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. ఆ రోజు సగం డ్యూటీలో వచ్చేసి, రెండు కిలోల యాపిల్ పండ్లు చేతిలో పెట్టాడు.

ఇక నా పోటీ మొదలైంది. మౌనికకు పొద్దున ఒక్కసారి వాంతి అయితే నాకు రోజుకు ఏడెనిమిది సార్లు. నేనది గొప్పగా చెప్పుకున్నాను. వాంతులు ఎక్కువైతే గర్భం గట్టిదని ఎవరో అంటే పట్టుకుని వేలాడాను. రెండో నెల దాటేసరికి నా కడుపు నాలుగు నెలల కడుపులా కనిపించేది.

మా అత్తమ్మ ముక్కు మీద వేలేసుకుంది. “ఏందే స్వరూపా, గిప్పుడే గింత కడుపా? కవలలు గిట్ల ఉన్నరా ఏంది?”

ఆ మాటకు నేను నేల మీద నడిస్తే ఒట్టు. మౌనికది నాకంటే నెల ముందు గర్భం, అయినా ఆమె కడుపు నా దానిలో సగం లేదు. ఇద్దరం బీరువా అద్దం ముందు నిలబడితే కావాలని పక్కకు తిరిగేదాన్ని. ఆమె నా కడుపు వైపు చూసి చూపు తిప్పుకుంటే నాకు కడుపు నిండినట్టుండేది. అప్పటికే గుండె దడ, చేతుల్లో వణుకు. కాన్పుల డాక్టరు దగ్గరికి వచ్చే నెల పోదామనుకున్నాం. కవలలకు కొంచెం వణుకుడు ఉంటుందిలే అని నాకు నేనే వైద్యం చెప్పుకున్నాను.

ఆగస్టు చివర

కొత్త లాట్ వచ్చింది. మేడం ఈసారి రెండు సీసాలు తెమ్మంది, ఒకటి తొలి నెలలది, ఒకటి కాస్త ముదిరిన గర్భానిది. మా ఇంట్లోనే రెండూ ఉన్నాయి కదా! రెండూ దగ్గు మందు సీసాలే. నాది నారింజ మూత. మౌనికది తెల్ల మూత. బయల్దేరేముందు కారకుండా పాలిథిన్ ముక్క పెట్టి బిగిద్దామని రెండు మూతలూ ఒకేసారి తీసి గట్టు మీద పెట్టాను. మళ్లీ బిగించాను. అంతే జరిగింది.

బల్ల దగ్గర తెల్ల మూత సీసాలో స్ట్రిప్పు ముంచితే గీత ముదురుగా వచ్చింది. నారింజ మూతలో ముంచితే పై గీత ఒక్కటే వచ్చింది. రెండో గీత లేదు. ఇంకో స్ట్రిప్పు ముంచాను. లేదు. ఇంకో డబ్బాలోది తీశాను. కళ్లు చికిలించి చూస్తే ఏదో నీడలా ఉందనిపించింది, అది కూడా నా ఆశేమో.

విజయ మేడం వచ్చి నిలబడింది. “ఇదెవరిది స్వరూపా? నీదేనా?”

నారింజ మూత నాదని నాకు బాగా తెలుసు. పొద్దున నా చేత్తో పట్టిందే. అయినా నోరు తెరిస్తే ఏం వచ్చిందో చూడండి.

“నాది కాదు మేడం. పొద్దున మూతలు మార్చి పెట్టిన కావచ్చు. గది మా యారాలిది.”

“అయ్యో. మరి ఆ అమ్మాయికి నాలుగో నెల కదా, గీత రాకపోవడమేంటి? రేపు మళ్లీ పట్టించి తీసుకురా. ఈ సీసా ఫ్రిజ్‌లో ఉంచుతాను.”

రేపు తేలేదు. ఆ తర్వాతా తేలేదు. ఆమె అడిగినప్పుడల్లా మరిచిపోయానన్నాను. మూతలు మారాయని మొదట మేడంకి చెప్పాను, ఆటో ఎక్కేసరికి నాకు నేనే చెప్పుకున్నాను, ఇల్లు చేరేసరికి నమ్మేశాను. గీత పోయిందంటే లోపల బిడ్డ పోయినట్టు. పోయింది మౌనిక బిడ్డ. నాది కవలలు.

పది రోజులు

ఆ పది రోజులు మౌనిక మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. బిందె ఎత్తనివ్వలేదు. బట్టలు నేనే పిండాను. రోజూ పొద్దున గుడ్డు ఉడకబెట్టి, పెంకు తీసి, మిరియాల పొడి చల్లి చేతికిచ్చాను. పాపం, దానికి ఇంకా తెలియదు అనుకుంటూ ఇచ్చాను. ఆ పాపం అనుకోవడంలో ఎంత తీపి ఉందో నాకే తెలుసు.

“కడుపుల నొప్పి గిట్ల అయితుందా చెల్లె?” అని రోజుకు మూడుసార్లు అడిగాను.

“ఏం లేదక్కా, మంచిగనే ఉన్న. నువ్వే జెర సూసుకో, మొకం పీక్కపోయింది” అనేది.

మూడో రోజు నాకు గోధుమ రంగు మరకలు కనబడ్డాయి. ఎవరికీ చెప్పలేదు. వేడి చేసిందని సబ్జా గింజలు నానబెట్టుకుని తాగాను. మరక నాకు, పోయిన గర్భం మౌనికకు. ఎంత చక్కగా పంచానో!

పదో రోజు పనిలో స్ట్రిప్పు పట్టుకుంటే చెయ్యి ఆగలేదు. టకటకా కొట్టుకుంది. మేడం నా చెయ్యి పట్టుకుని నాడి చూసి, నా కడుపు వైపు చూసి, ఫ్రిజ్ తెరిచింది. నారింజ మూత సీసా బయటికి తీసింది. గాజు నాళికలో ఒక చుక్క మూత్రం వేసి, దాని నిండా నీళ్లు పోసింది. అందులో ఒక చుక్క తీసి మళ్లీ నీళ్లు పోసింది. అప్పుడు స్ట్రిప్పు ముంచింది.

రెండో గీత వచ్చింది. నేను ఆరేళ్లలో అంత ముదురు గీత చూడలేదు. చిక్కగా ఉన్నప్పుడు రానిది నీళ్లు కలిపితే వచ్చింది!

“ఇది మామూలు గర్భం అయ్యుండకపోవచ్చు. ఎవరిదైనా సరే, ఇవాళే స్కాన్ తీయించాలి. స్వరూపా, ఎవరిదమ్మా ఇది?” అంది మేడం, నా కళ్లలోకి చూస్తూ.

అప్పుడైనా నిజం చెప్పాలి కదా. “మా యారాలిది మేడం” అన్నాను.

సంగారెడ్డి

అట్లా నా జబ్బుకు మౌనికను స్కానింగ్‌కు తీసుకుపోయాను. మా మేడం ఒకసారి చూపించుకుంటే మంచిదన్నదని ఇంట్లో చెప్పి, బస్సెక్కించి సంగారెడ్డి పట్టుకెళ్లాను. దారి పొడుగునా ఆమె నా భుజం మీద తల పెట్టి పడుకుంది. ఇంకో గంటలో ఏడుస్తుంది, నేనే ఓదార్చాలి అనుకుంటూ మాటలు కూడా వెతికి పెట్టుకున్నాను.

స్కాన్ గదిలో లేడీ డాక్టరు తెర మా వైపు తిప్పింది. “బేబీ బాగుంది. ఇదిగో గుండె, ఎలా కొట్టుకుంటుందో చూడండి.”

చూశాను. టపటపలాడుతోంది. ఆ క్షణం నాకు సంతోషం కలగలేదు. వెతికి పెట్టుకున్న ఓదార్పు మాటలన్నీ పనికిరాకుండా పోయాయి. అది ఆమెది కాకపోతే మరి ఆ సీసా ఎవరిది? ఇంక నాకు దాక్కునే చోటు లేదు.

మౌనిక మంచం దిగుతూ డాక్టరు చెయ్యి పట్టుకుంది. “మేడం, మా అక్కకు కూడ ఒకపారి సూడుండ్రి. మూడో నెల. దినమంతా కక్కుతది. సేతులు సూడుండ్రి, ఎట్ల వణుకుతున్నయో. మా ఇంట్ల ఎవ్వలకు చెప్పది, నిన్న బట్టల మీద మరక నేనే చూసిన.”

నేను పడుకున్నాక డాక్టరు కాసేపు చూసింది. తర్వాత తెర నాకు కనబడకుండా తన వైపు తిప్పుకుంది.

“బేబీ లేదమ్మా.”

“పోయిందా మేడం?”

“మొదటి నుంచీ లేదు. బిడ్డను అంటిపెట్టుకుని ఉండే మావి ఒక్కటే పెరిగింది, చిన్న చిన్న నీటి బుడగలుగా, ద్రాక్ష గుత్తిలా. మోలార్ ప్రెగ్నెన్సీ అంటారు. ఆలస్యం చేయకుండా హైదరాబాద్ పెద్దాసుపత్రికి వెళ్లండి. తీసేయాలి.”

అద్దం ముందు పక్కకు తిరిగి చూపించిన కడుపు అదే. గొప్పలు చెప్పుకున్న వాంతులు, ఆ దడ, ఆ వణుకు దానివే. మౌనిక నా పక్కన కూర్చుని ఏడుస్తుంటే నేనే ఆమె వీపు నిమిరాను.

సెప్టెంబరు, అక్టోబరు

తీసేసే రోజు గురించి రాయను. మత్తులో ఉన్నాను, లేచేసరికి కడుపు చదునుగా ఉంది. పక్క మంచం మీద కాన్పయిన జహీరాబాద్ ఆవిడ తన బిడ్డను అటు వైపు పడుకోబెట్టి, నాకు కనబడకుండా కొంగు అడ్డం పెట్టింది. ఊరూ పేరూ తెలియని మనిషి. ఆ కొంగు నేను చచ్చేదాకా మరిచిపోను.

ఇంటికొచ్చిన ఆదివారం విజయ మేడం సున్నుండల డబ్బాతో వచ్చింది. మా అత్తమ్మ అవతలికి వెళ్లేదాకా ఆగి చెప్పింది.

“ఆ సీసా నీదేనని నాకు అనుమానం వచ్చింది స్వరూపా. గట్టిగా అడగలేకపోయాను. తప్పు నాది కూడా.”

“గీత ఎందుకు రాలే మేడం? నాకు గది సమజైతలేదు.”

“మన స్ట్రిప్పు మీద రెండు రకాల వాళ్లుంటారనుకో. ఒకళ్లు రంగు మోసుకొచ్చేవాళ్లు, ఇంకొకళ్లు గీత దగ్గర కూర్చుని పట్టుకునేవాళ్లు. గర్భంలో ఊరే ఒకే హార్మోన్‌ను ఇద్దరూ చెరో పక్కా పట్టుకుంటేనే గీత పడుతుంది. నీలో అది మరీ విపరీతంగా ఉంది. ఎవరికి దొరికింది వాళ్లు పట్టుకుని ఊరుకున్నారు. రంగు గీత దాకా వచ్చి ఆగలేదు. నీళ్లు కలిపి పలచన చేస్తే అప్పుడు పట్టుకున్నారు. ఎప్పుడో గాని జరగదు. మనమే జరగదనుకుంటాం.”

అసలు పని అప్పుడు మొదలైంది. ఆ హార్మోన్ పూర్తిగా పోయేదాకా వారం వారం రక్త పరీక్ష చేయించాలి. అది తగ్గకపోతే లోపల మిగిలిన ముక్క ఎక్కడో పెరుగుతున్నట్టు లెక్క. ఏడాది దాకా గర్భం రాకూడదు. వస్తే జబ్బు తిరిగొచ్చిందో, బిడ్డ వచ్చిందో తెలియదు. నాలుగేళ్లు ఎదురుచూసినదానికి ఇంకో ఏడాది శిక్ష.

ఆసుపత్రిలో మాకు వేరే వరస లేదు. నిండు గర్భిణుల మధ్యే కూర్చోవాలి. ఒక్కొక్కరూ నడుం మీద చెయ్యి వేసుకుని, “అబ్బా, ఎప్పుడు తీరుతుందో ఈ మోత” అని మూలుగుతుంటే, ఇయ్యి నాకు, నేను మోస్త అని అరవాలనిపించేది. రక్తం తీసుకునే కౌంటర్‌లో ఒకామె నా చీటీ చూసి, “కంగ్రాచ్యులేషన్స్ అక్కా, ఫస్ట్ బేబీనా?” అంది. ఆ పరీక్ష పేరు చూస్తే అందరూ అదే అనుకుంటారు. తల ఊపి చెయ్యి చాపాను.

ఇంట్లో రోజూ పొద్దున స్ట్రిప్పు కూడా ముంచేదాన్ని. లోకమంతా రెండో గీత రావాలని చూస్తే, నేను అది పోవాలని చూశాను. రోజు రోజుకూ వెలిసింది. బతుకమ్మ ఎత్తిన వారంలో మాయమైంది. గెంతులేశాను. ఆ వారం రక్త పరీక్షకు పోలేదు.

మా ఆయన మొదటిసారి నా మీద అరిచాడు. “డాక్టర్ రమ్మంటే పోవాలె గద! నువ్వేమన్న డాక్టర్‌వా?”

“ఆరేండ్ల సంది గిదే పని చేస్తున్న. గీత పోయింది, ఇగ జబ్బు పోయింది.”

పోలేదు. స్ట్రిప్పు కంటికి ఆననంత కొంచెం మిగిలి ఉంది, అది మళ్లీ పెరగడం మొదలుపెట్టింది. ఆ మరుసటి వారం రక్త పరీక్షలో పట్టుబడింది. ఇలాంటి గర్భం వచ్చినవాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట వినండి. మరీ ఎక్కువున్నప్పుడూ, మరీ తక్కువున్నప్పుడూ మా స్ట్రిప్పు చూడలేకపోవచ్చు. రక్త పరీక్ష ఒక్క వారం కూడా మానకండి. స్ట్రిప్పులు చేసే దాన్ని నేను చెబుతున్నాను.

నవంబరు

సూదులు మొదలయ్యాయి. రోజు విడిచి రోజు సూది, మధ్య రోజు మాత్ర. కీమో అన్న మాట ఇంట్లో పడగానే మా అత్తమ్మ గొంతు తగ్గించింది. “గది క్యాన్సర్ మందట గద. మౌనిక కడుపుతోని ఉన్నది. జెర దూరం ఉండు బిడ్డా.” అంటుకునేది కాదని డాక్టరు చెప్పినా ఆమె చెవికెక్కలేదు. నా పళ్లెం, నా గ్లాసు వేరే గూట్లోకి పోయాయి.

నోరంతా పుండ్లు. మంచినీళ్లు కూడా మండేవి. మా ఆయన నాతో పాటు చప్పటి పెరుగన్నమే తిన్నాడు. “పిల్లలు కాకుంటే కాకపాయె. నాకు నువ్వుంటే సాలు” అన్నాడు ఒకరోజు. ఎవరైనా ఆ మాటకు కరిగిపోతారు. నాకు కోపం వచ్చింది. “నాకు సాలదు. నాకు బిడ్డ కావాలె” అన్నాను. అతను నా పళ్లెం కూడా కడిగి పెట్టాడు.

మౌనిక సీమంతం అప్పుడే వచ్చింది. ఆ తర్వాత ఆమె కాన్పుకు పుట్టింటికి పోతుంది. పొద్దున్నే మా అత్తమ్మ నా దగ్గరికొచ్చి గోడ వైపు చూస్తూ చెప్పింది. “వాయనాలు, గాజులు అయ్యేదాక వెనకర్రల ఉండు. నలుగురు నాలుగు మాటలంటరు.”

ఉన్నాను. ఆ గది తలుపు సందులో నుంచి గాజుల గలగలా, ఆడవాళ్ల నవ్వులూ వినబడుతూనే ఉన్నాయి. పట్టుచీర, తలనిండా పూలు, ఏడో నెల కడుపు. కళ్లల్లో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. అందరూ భోజనాలకు లేచాక తలుపు తోసుకుని మౌనికే వచ్చింది, చేతిలో నా పళ్లెంతో. ఉడికిన గుడ్డును పాలల్లో మెత్తగా మెదిపి తెచ్చింది. పది రోజుల నుంచీ, మా అత్తమ్మ చూడకుండా, రోజూ తెస్తూనే ఉంది. నేను రోజూ ముట్టకుండా పక్కన పెడుతూనే ఉన్నాను. గుడ్డు పెట్టే చెయ్యి లోపల ఏముంటుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

ఆ రోజు ఇక ఆగలేకపోయాను. “తీస్కపో. నీ గుడ్డు నాకొద్దు.”

“ఏమైందక్కా?”

చెప్పేశాను. సీసాల సంగతి, మూతల సంగతి, మేడం రెండుసార్లు అడిగితే రెండుసార్లూ ఆమె పేరు చెప్పిన సంగతి. “నీ బిడ్డ పోయిందనుకున్న మౌనికా. పది దినాలు గదే అనుకుంట తిరిగిన. బాధపడలే. సంబురపడ్డ.”

మౌనిక నా మంచం మీద కూర్చుంది. కొత్త గాజులు మోచేతి దాకా ఉన్నాయి, పళ్లెం కింద పెడితే మోగాయి. వాటిని వెనక్కి తోసుకుంది.

“నాకు కొంచెం కొంచెం తెల్సు” అంది. “పెండ్లయి ఇంటికొచ్చినప్పటి సంది నాకు ఒక్కనాడన్న గుడ్డు పెట్టినవా? పది దినాలు పెట్టినవ్. సంగారెడ్డి పోయొచ్చినంక బందు పెట్టినవ్. నేనేం చిన్నపిల్లనా?”

ఆమె అక్కడితో ఆగలేదు.

“నీ కడుపు పెద్దగుంటే నాకు నిద్ర పట్టకపోయేదక్కా. కవలలంటే నన్నెవ్వలు సూస్తరు అనుకున్న. డాక్టర్ నీకట్ల చెప్పినంక ఏడ్చిన గని, లోపట ఏమనుకున్న తెల్సా? అక్కకైంది, నాకు కాలే, మంచిగైంది అనుకున్న. రోజు దీపం పెట్టినప్పుడు గదే యాదికొస్తది. సిగ్గయితది. గందుకే గుడ్డు తెస్తున్న.” పళ్లెం మళ్లీ చేతిలోకి తీసుకుంది. “నువ్వు ఎందుకు పెట్టినవో గని, నేనైతే తిన్న. నా బిడ్డకు పట్టింది. గుడ్డు గుడ్డే గద. తిను.”

ఒక చెంచా నోట్లో పెట్టింది. పుండ్ల మీద మండింది. అయినా మొత్తం తిన్నాను, ఆమె ఖాళీ పళ్లెం చూసేదాకా కదలలేదు మరి. మర్నాడు పుట్టింటికి వెళ్లిపోయింది.

ఇప్పుడు

సూదులు జనవరితో ఆగాయి. వరసగా మూడు వారాలు రక్తంలో ఏమీ లేదని వచ్చాక నెలకొకసారి చాలన్నారు. గర్భం రాకూడదన్న ఏడాది లెక్క అక్కడి నుంచి మళ్లీ మొదలైంది. ఫిబ్రవరిలో మౌనికకు ఆడపిల్ల పుట్టింది. పోయిన వారమే బిడ్డను తీసుకుని ఇంటికొచ్చింది. నాకు అసూయ పోయిందా అంటే పోలేదు. ఆ పిల్ల నా వేలు పట్టుకుంటే ఒక పక్క ప్రాణం లేచొస్తుంది, ఇంకో పక్క మండుతుంది. రెండూ ఉన్నాయి. మౌనికకు తెలుసు. ఉడికిన గుడ్లలో ఒకటి రోజూ నాకే పెడుతుంది, నేను వద్దనకుండా తింటాను.

నిన్న పనిలో కొత్త లాట్ వచ్చింది. గర్భం లేనివాళ్ల సీసా కూడా ఒకటి కావాలి, గీత రాకూడని చోట రావడం లేదని చూసుకోవడానికి. నారింజ మూత సీసా బల్ల మీద పెట్టాను. మూడు నెలల నియమం నాకిప్పుడు వర్తించదు కాబట్టి ప్లాస్టర్ అంటించి దాని మీద పేరు రాశాను. స్ట్రిప్పు ముంచాను. ఐదు నిమిషాలూ ఆగాను. పై గీత ఒక్కటే వచ్చింది. దాని కింద తెల్లగా, ఖాళీగా ఉంది.

విజయ మేడం కళ్లద్దాలు సర్దుకుని దగ్గరికొచ్చింది. పేరు కనబడుతూనే ఉన్నా అడిగింది.

“ఎవరిది స్వరూపా?”

“నాదే మేడం.”

ఆమె రిజిస్టర్‌లో టిక్కు పెట్టి, “గీత వచ్చే సీసా కూడా ఒకటి కావాలి. మీ ఇంట్లో ఎవరైనా...” అని మధ్యలో ఆపేసింది.

“ఇంకో ఏడు నెలలు ఆగుండ్రి మేడం” అన్నాను. “గప్పుడు నాదే తెస్త. అందాక ఎవ్వలదన్న తెచ్చుకోండ్రి. మా యారాలిది మాత్రం నేను మొయ్య.”